హక్కు జారిపోయేది లెక్క దగ్గరే

మీరు అడిగింది ఇది: జాతీయ అల్పసంఖ్యాకుల రక్షణకు ఒప్పందాలున్నాయి, కోర్టులున్నాయి, కమిషనర్లున్నారు, అయినా ఆ హక్కులు ఎందుకు నిలబడటం లేదు? అసలు సవాళ్లేమిటి? వ్యాసానికి ఒక్క ఉదాహరణే తీసుకోవాలంటే దేన్ని పట్టుకోవాలి? ఉదాహరణ సంగతి చివర్లో చెప్తాను. ముందు మొదటి ప్రశ్నకు జవాబు కొంచెం ఓపిగ్గా చదవండి. "రాజకీయ సంకల్పం లేదు, అవగాహన లేదు, నిధులు లేవు" అని పుస్తకాల్లో ఉండే జాబితా అబద్ధం కాదు, కానీ దాన్ని బట్టీ పట్టినా విషయం బోధపడదు.

నేను ఈ సబ్జెక్టు చాలా ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ మొదటి రోజు ఒక చిన్న కాగితం పంచుతాను. అందులో పేరు రాసే చోటు ఉండదు. రెండే గళ్లు: "మీ జాతి", "మీ మాతృభాష". ఒక్కో గడిలో ఒక్క మాట పట్టేంత జాగా. చాలామంది పది సెకన్లలో రాసేసి పెన్నుకు మూత పెట్టేస్తారు. ఇద్దరో ముగ్గురో మాత్రం ఆగిపోతారు. తల్లిది ఒక భాష, తండ్రిది ఒక భాష అయిన అమ్మాయి "రెండూ రాయొచ్చా?" అంటుంది. ఇంకొకరు ఏమీ రాయకుండా "ఇది ఎవరి చేతికి వెళ్తుంది సార్?" అని అడుగుతారు. పది సెకన్లలో రాసేసినవాళ్లు వాళ్ల వైపు వింతగా చూస్తారు, ఇందులో అంత ఆలోచించడానికి ఏముందన్నట్టు. పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ గడి నింపడం ఎవరికి తేలికో, ఎవరికి కష్టమో, ఎవరికి భయమో తెలిస్తే ఈ విషయం సగం తెలిసినట్టే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హక్కులు కాగితం మీద లేకపోవడం కంటే, అవి ఎవరికి వర్తిస్తాయో తేల్చే అధికారం రాజ్యం చేతిలో ఉండటం పెద్ద చిక్కు. చాలాసార్లు రక్షణ కావలసింది ఆ రాజ్యం నుంచే. లెక్కపెట్టేదీ అదే, లెక్కలోంచి తీసేసేదీ అదే. మిగతా సవాళ్లలో చాలా వాటికి వేరు ఇక్కడే ఉంది.

మైనారిటీ అనగానే మనలో చాలామందికి మతం గుర్తొస్తుంది. అంతర్జాతీయ చట్టంలో "జాతీయ అల్పసంఖ్యాకులు" అనే మాట ఎక్కువగా యూరప్‌లో పుట్టి పెరిగింది. ఒక దేశంలో తరతరాలుగా స్థిరపడి, భాషలోనో సంస్కృతిలోనో మతంలోనో మెజారిటీకి భిన్నంగా ఉంటూ, ఆ భిన్నత్వాన్ని నిలుపుకోవాలనుకునే సమూహం అని స్థూలంగా అర్థం. వీళ్లలో చాలామంది ఎక్కడికీ వలస వెళ్లినవాళ్లు కాదు. ఊరు అక్కడే ఉంది, ఇల్లు అక్కడే ఉంది, మ్యాపు మీద గీత మారింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రియాకు చెందిన దక్షిణ టిరోల్ ఇటలీకి వెళ్లింది. 1920 ట్రియనాన్ ఒప్పందంతో లక్షల మంది హంగేరియన్లు రుమేనియా, చెకోస్లొవేకియా, యుగోస్లావియా పౌరులైపోయారు. అలా గీత మారినవాళ్లు కొందరైతే, రోమాల్లాగా (జిప్సీలని చాలామంది పిలిచేది వీళ్లనే) ఏ గీతకు అటుపక్కా తమ దేశం అంటూ లేనివాళ్లు ఇంకొందరు.

అయితే ఇప్పుడు నేను చెప్పిన అర్థం ఏ ఒప్పందంలోనూ లేదు. ఐక్యరాజ్యసమితి కోసం ఫ్రాంచెస్కో కపొటోర్టి 1970లలో ఒక నిర్వచనం రాశారు. అందరూ దాన్ని ఉదహరిస్తారు, దేశాలు మాత్రం ఒప్పుకోలేదు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ (యూరప్ దేశాల మానవ హక్కుల సంస్థ, యూరోపియన్ యూనియన్ వేరు) 1995లో తెచ్చిన, 1998లో అమల్లోకి వచ్చిన ఫ్రేమ్‌వర్క్ కన్వెన్షన్ ఈ రంగంలో ప్రధానమైన బహుళ దేశాల కట్టుబాటు ఒప్పందం. అందులో కూడా నిర్వచనం పెట్టలేదు, ఎందుకంటే పెడితే ఒప్పందమే కుదిరేది కాదు. ఫలితంగా ప్రతి దేశం తన జాబితా తానే రాసుకుంది. జర్మనీ డేన్‌లు, ఫ్రీజియన్లు, సోర్బులు, సింతీ-రోమాలు అని నాలుగు సమూహాలను చేర్చింది. డెన్మార్క్ జర్మన్ సమూహం ఒక్కదాన్నే చేర్చింది. ఫ్రాన్స్, టర్కీ సంతకమే పెట్టలేదు. గ్రీస్ సంతకం పెట్టింది, ఆమోదించలేదు. 1923 లొజాన్ ఒప్పందంలో ఉన్న, తన ఈశాన్య మూలలోని థ్రేస్ ప్రాంతపు ముస్లింలను తప్ప ఇంకే మైనారిటీనీ అది గుర్తించదు.

ఆ గుర్తించకపోవడం బతుకులో ఎలా ఉంటుందో చూడండి. గ్రీస్‌లోని ఫ్లోరినాలో కొంతమంది "మాసిడోనియన్ నాగరికతా భవనం" అని ఒక సంఘం పెట్టుకుంటామని 1990లో రిజిస్ట్రేషన్‌కు వెళ్లారు. కోర్టులు కుదరదన్నాయి. వాళ్లు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లి 1998లో గెలిచారు. తీర్పు చేతిలో పెట్టుకుని మళ్లీ అప్లికేషన్ పెడితే మళ్లీ తిరస్కరించారు. 2015లో స్ట్రాస్‌బర్గ్‌లో రెండోసారి గెలిచారు. అప్లికేషన్ పెట్టిన తర్వాత పాతికేళ్లలో రెండు అంతర్జాతీయ విజయాలు! అడిగింది నాలుగు పుస్తకాలు, ఒక బోర్డు పెట్టుకునే సంఘానికి ఒక నంబరు.

సిద్ధాంతం మాత్రం ఎప్పుడో తేలిపోయింది. ఒక సమూహం ఉందా లేదా అన్నది వాస్తవానికి సంబంధించిన ప్రశ్నే తప్ప చట్టం తేల్చేది కాదని అప్పటి అంతర్జాతీయ న్యాయస్థానం 1930లోనే చెప్పింది. 1994లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాదాపు అదే మాట మళ్లీ చెప్పింది: మైనారిటీ ఉనికి ప్రభుత్వ నిర్ణయం మీద ఆధారపడదు అని. చెప్పడానికి అరవై ఏళ్ల తేడా ఉన్నా, రెండుసార్లూ వినాల్సినవాళ్లు వినలేదు.

ఇక్కడ ఫ్రాన్స్ వాదనను తేలిగ్గా కొట్టిపారేయకండి. మీ వ్యాసంలో దానికి న్యాయంగా చోటివ్వండి. ఐక్యరాజ్యసమితి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోని 27వ అధికరణ "అల్పసంఖ్యాకులు ఉన్న రాజ్యాలలో" అని మొదలవుతుంది. 1980లో ఆ ఒడంబడికలో చేరుతూ ఫ్రాన్స్, మా రాజ్యాంగం ప్రకారం ఈ అధికరణ మాకు వర్తించదని రాసిచ్చింది. పౌరులందరూ సమానమే, వాళ్లను ముక్కలు చేసి చూడం అన్నది వాళ్ల మాట. ఆ మాట వెనక విప్లవం నాటి నిజాయితీ కొంత ఉంది, కాదనను. "అందరికీ ఒకే రూల్" అంటే వినడానికి న్యాయంగానే ఉంటుంది.

ఆ రూల్ ఎక్కడ విరుగుతుందో నాకు తెలిసి అల్బేనియా బడుల కేసు కంటే బాగా చూపించేది లేదు. నానాజాతి సమితిలో చేరాక 1921లో అల్బేనియా ఒక ప్రకటన చేసింది, తన అల్పసంఖ్యాకులు సొంత ఖర్చుతో బడులు నడుపుకోవచ్చని. దక్షిణాన ఉన్న గ్రీకు భాషీయులు అలాగే నడుపుకున్నారు. 1933లో రాజ్యాంగం మార్చి దేశంలోని ప్రైవేటు బడులన్నీ మూసేశారు. అన్నీ! ఎవరి మీదా వివక్ష లేదు, అల్బేనియన్ల ప్రైవేటు బడులు కూడా మూతపడ్డాయి కదా అని ప్రభుత్వం వాదించింది. 1935 ఏప్రిల్ 6న అప్పటి అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన జవాబు సారాంశం ఇది: మెజారిటీ పిల్లవాడికి ప్రైవేటు బడి పోతే ప్రభుత్వ బడి ఉంది, అందులో వాడి భాషే ఉంది. మైనారిటీ పిల్లవాడికి ఆ బడి పోతే ఇక ఏమీ లేదు. చట్టంలో సమానత్వం ఒకటి, వాస్తవంలో సమానత్వం ఇంకొకటి, రెండోది లేకుండా మొదటిదానితో సరిపెట్టలేం. నేను ఈ తీర్పును ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. "ప్రత్యేక హక్కులు ఎందుకు, అందరితో సమానంగా ఉంటే చాలదా?" అని ఎవరు అడిగినా నా జవాబు ఆ రెండు బడుల కథే.

సరే, గుర్తింపు దొరికింది అనుకుందాం. తర్వాత వచ్చేది శాతం. చాలా దేశాల్లో భాషా హక్కులు ఒక అంకెకు కట్టి ఉంటాయి. ఊరి జనాభాలో ఇంత శాతం ఉంటేనే ఆఫీసులో మీ భాషలో అర్జీ పెట్టొచ్చు, ఇంత ఉంటేనే బోర్డు మీద మీ లిపి ఉంటుంది. క్రొయేషియా 2002 చట్టం ప్రకారం మూడో వంతు ఉండాలి. వుకొవార్ పట్టణం 1991 ముట్టడిలో నేలమట్టమైన చోటు, అక్కడ క్రొయేషియన్ల గాయం ఇంకా పచ్చిగానే ఉంది. 2011 జనగణనలో అక్కడ సెర్బులు 34.87 శాతం వచ్చారు, అంటే గీత దాటారు. 2013లో ప్రభుత్వ భవనాలకు లాటిన్, సిరిలిక్ (సెర్బుల లిపి) రెండు లిపుల్లో బోర్డులు పెడితే నిరసనకారులు సుత్తులతో పగలగొట్టారు. బోర్డులు సరిగ్గా నిలబడకముందే 2021 జనగణన వచ్చింది, సెర్బుల వాటా 30 శాతం లోపుకు పడిపోయింది. చట్టప్రకారం ఆటోమేటిగ్గా వచ్చే హక్కు అక్కడితో పోయింది. పదేళ్లపాటు హక్కు ఉంది, అమలు లేదు. ఆ తర్వాత హక్కూ లేదు.

శాతం పద్ధతిలోని దోషం ఇదే. తగ్గుతున్న కొద్దీ హక్కు పోతుంది, హక్కు పోతున్న కొద్దీ ఇంకా తగ్గుతారు. బడి లేని భాష ఒక తరంలో వంటింటికి పరిమితమవుతుంది, రెండో తరంలో అమ్మమ్మతో పోతుంది. అలాగని అంకె లేకుండా పాలన నడవదు, ప్రతి ఊళ్లో ప్రతి భాషకూ గుమాస్తాను పెట్టలేరు. ఈ చిక్కును కొంత తెలివిగా విప్పింది ఫిన్లండ్. ఒక మున్సిపాలిటీలో స్వీడిష్ భాషీయులు 8 శాతం ఉన్నా చాలు, లేదా 3,000 మంది ఉన్నా చాలు, అది రెండు భాషల మున్సిపాలిటీ అవుతుంది. ఒకసారి అయ్యాక సంఖ్య 3,000 లోపుకూ, వాటా 6 శాతం లోపుకూ పడితే తప్ప ఆ హోదా పోదు. లోపలికి రావడానికి ఒక గుమ్మం, బయటికి పోవడానికి అంతకంటే కింద ఇంకో గుమ్మం. ఒక్క జనగణనలో నలుగురు పట్నం వెళ్లిపోయినంత మాత్రాన ఊరి బోర్డు మారదు. చట్టం రాసేవాళ్లు ఇలాంటి చిన్న విషయాల మీద కూర్చుని ఆలోచించాలి. ఉపన్యాసాల్లో మెచ్చుకునేది పీఠికను, మనుషులను కాపాడేది ఈ 8కీ 6కీ మధ్య ఉన్న తేడా.

మళ్లీ నా కాగితం దగ్గరికి వస్తాను, "ఇది ఎవరి చేతికి వెళ్తుంది సార్" అన్న ప్రశ్న దగ్గరికి. నెదర్లాండ్స్‌లో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జనాభా రిజిస్టర్లు చాలా పద్ధతిగా ఉండేవి. ప్రతి మనిషికీ ఒక కార్డు, అందులో మతం. మంచి పాలన కోసమే పెట్టారు. నాజీలు ఆక్రమించాక ఆ కార్డులు వాళ్ల చేతికి వచ్చాయి. ఆ దేశపు యూదుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మందిని చంపేశారు. 1943 మార్చిలో ప్రతిఘటన దళం ఒకటి పోలీసు దుస్తుల్లో ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్ట్రీలోకి చొరబడి కార్డులకు నిప్పుపెట్టింది. అన్నీ కాలలేదు. ఆ పని చేసినందుకు పన్నెండు మందిని అదే ఏడాది కాల్చి చంపారు. కార్డులు తగలబెట్టడానికి ప్రాణాలిచ్చారంటే ఆ గడిలోని ఒక్క మాటకు ఎంత బరువు ఉందో ఊహించండి.

అందుకే యూరప్‌లో రోమాలు ఎంతమంది అంటే ప్రభుత్వ లెక్కకూ వాస్తవానికీ పొంతన ఉండదు. మొత్తం మీద కోటికి పైగా ఉంటారని అంచనా వేస్తారు, సెన్సస్‌లలో కనిపించేది అందులో చాలా తక్కువ. రాస్తే ఏమవుతుందో అన్న భయం వాళ్లకు తరతరాల జ్ఞాపకం. రాయకపోతే ఇంకో నష్టం: బడి అడగడానికి, సీటు అడగడానికి, వివక్ష నిరూపించడానికి అంకె ఉండదు. ఈ రెంటి మధ్య మూడో దారి లేదని నేను అనను. పేరు లేని సర్వేలు, స్వచ్ఛంద ప్రకటన, ఒకటి కంటే ఎక్కువ గుర్తింపులు రాసుకునే వీలు, ఆ డేటా పోలీసుల చేతికి వెళ్లకుండా గట్టి చట్టం, ఇవన్నీ ఉన్న చోట జనం కొంచెం ధైర్యంగా రాస్తారు. ధైర్యం ఒక్క సెన్సస్‌తో రాదు, టైమ్ పడుతుంది.

లెక్కలోంచి తీసేయడం అంటే అలంకారంగా చెప్పిన మాట అనుకునేరు. స్లొవేనియా 1991లో స్వతంత్రమైంది. పాత యుగోస్లావియాలోని వేరే రిపబ్లిక్‌ల నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్లకు పౌరసత్వానికి అప్లై చేసుకోమని ఆరు నెలల గడువు ఇచ్చారు. లక్షా డెబ్బై వేల మందికి పైగా పౌరులయ్యారు, అది చిన్న విషయం కాదు. గడువులోగా అప్లై చేయనివాళ్లను, తిరస్కరణకు గురైనవాళ్లను 1992 ఫిబ్రవరి 26న శాశ్వత నివాసుల రిజిస్టర్ నుంచి తొలగించారు. 25,671 మంది. ఎవరికీ నోటీసు వెళ్లలేదు. ఏ లైసెన్సు రెన్యువల్‌కో, ఏ సర్టిఫికెట్ కోసమో కౌంటర్ దగ్గరికి వెళ్లినప్పుడు తెలిసింది. చాలామంది చేతిలోని గుర్తింపు కార్డును తీసుకుని, పంచింగ్ మెషీన్‌తో చిల్లు పెట్టి తిరిగిచ్చారు. పొద్దున కార్డుతో ఇంట్లోంచి బయల్దేరిన మనిషికి సాయంత్రానికి ఉద్యోగం చేసే హక్కు లేదు, వైద్య బీమా లేదు, దేశం దాటితే తిరిగొచ్చే దారి లేదు. వాళ్లను స్లొవేనియాలో "చెరిపేయబడినవాళ్లు" అనే పిలుస్తారు. స్ట్రాస్‌బర్గ్ పెద్ద ధర్మాసనం 2012లో, అంటే ఇరవై ఏళ్ల తర్వాత, ఇది తప్పని తేల్చింది. నాకు ఈ కేసులో బాధ కలిగించేది క్రూరత్వం కాదు. అక్కడ ఎవరూ ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు. గుమాస్తా తన డ్యూటీ తాను చేశాడు, అంతే.

పేర్ల మీద జరిగే దాడి ఇంతకంటే బాహాటంగా ఉంటుంది. బల్గేరియాలో 1984-85 చలికాలంలో టర్కిష్ జాతికి చెందిన లక్షల మంది సొంత పౌరుల పేర్లను బలవంతంగా బల్గేరియన్ పేర్లుగా మార్చేశారు. 1989 వేసవిలో 3 లక్షలకు పైగా జనం టర్కీకి వెళ్లిపోయారు. పాలన మారాక 1990లో పేర్లు తిరిగి తీసుకునే చట్టం వచ్చింది. అందుకే ఫ్రేమ్‌వర్క్ కన్వెన్షన్‌లో, మన పేరు మన భాషలో రాసుకునే హక్కుకు విడిగా ఒక అధికరణ ఉంది. చదివేటప్పుడు అది చిన్న విషయంలా కనబడుతుంది.

ఇక అందరూ తడబడే చోటు: పక్క దేశం. అల్పసంఖ్యాకుల భాష మాట్లాడే సొంత దేశం ఒకటి సరిహద్దు అవతల ఉంటే అది అండా అవుతుంది, ముప్పూ అవుతుంది. 1938లో చెకోస్లొవేకియాలోని జర్మన్ల హక్కుల పేరుతోనే హిట్లర్ వాళ్లుండే సుడెటెన్ ప్రాంతాన్ని మింగాడు. అప్పటి నుంచి మైనారిటీ హక్కు అనే మాట వినగానే ప్రభుత్వాలకు దేశం చీలిపోయే దృశ్యం కనబడుతుంది. 1948 మానవ హక్కుల సార్వత్రిక ప్రకటనలో మైనారిటీల గురించి ఒక్క అధికరణ కూడా లేకపోవడానికి ఆ భయం కూడా ఒక కారణం. 1992లో యూరప్ భద్రతా సహకార వేదిక జాతీయ అల్పసంఖ్యాకుల వ్యవహారాలకు ఒక హై కమిషనర్ పదవి పెట్టినప్పుడు కూడా, అది అల్పసంఖ్యాకుల తరఫున వాదించే పదవి కాదని, గొడవలు ముదరకుండా చూసే పదవి అని స్పష్టంగా రాసుకున్నారు. మొదటి కమిషనర్ మాక్స్ వాన్ డెర్ స్టూల్ మంత్రులతో చాలావరకు తలుపులు మూసుకునే మాట్లాడేవారు. బయట చప్పుడు లేకుండా చేసిన ఆ పని చాలా చోట్ల పనికొచ్చింది.

2010 మేలో హంగేరీ తన బయట ఉన్న హంగేరియన్లకు సులభంగా పౌరసత్వం ఇచ్చే చట్టం చేసింది. అదే రోజు స్లొవేకియా, వేరే దేశ పౌరసత్వం కోరి తీసుకుంటే మన పౌరసత్వం పోతుందని చట్టం చేసింది. రెండు రాజధానులు ఒకదాని మీద ఒకటి పంతం పట్టాయి. మధ్యలో నలిగింది దక్షిణ స్లొవేకియా పల్లెల్లోని మామూలు మనుషులు. ఏ కాగితం మీద సంతకం పెడితే ఏది పోతుందో అన్న టెన్షన్ వాళ్లది. "మా వాళ్లు" అని పక్క దేశం ఎంత గట్టిగా అరిస్తే, ఉన్న దేశంలో వాళ్ల మీద అనుమానం అంత పెరుగుతుంది.

ఇది తప్పదా అంటే, తప్పుతుంది. జర్మనీ, డెన్మార్క్ సరిహద్దులో రెండు వైపులా రెండు మైనారిటీలున్నాయి. 1955లో రెండు దేశాలూ బాన్, కోపెన్‌హాగన్ నగరాల్లో వేర్వేరుగా ప్రకటనలు చేశాయి. రెండింటిలోనూ ఉన్న ముఖ్యమైన వాక్యం ఇది: ఒక మనిషి ఆ సమూహానికి చెందుతానని చెప్పుకోవడం స్వేచ్ఛ, దాన్ని అధికారులు ప్రశ్నించకూడదు, పరీక్షించకూడదు. డేనిష్ సమూహపు పార్టీకి జర్మనీ ఎన్నికల్లోని 5 శాతం గీత నుంచి మినహాయింపు ఉంది. 2021లో ఆ పార్టీకి జర్మన్ పార్లమెంటులో ఒక సీటు వచ్చింది. రెండు దేశాలకూ అవతలి వైపు తమవాళ్లు ఉండటం వల్ల ఒకరినొకరు గౌరవించక తప్పలేదు, ఆ అదృష్టం అన్ని చోట్లా ఉండదు. "ఎవరైనా చెప్పుకోవచ్చు" అన్న పద్ధతి కూడా అన్ని చోట్లా ఇంత శుభ్రంగా నడవదు. హంగేరీ 1993లో మైనారిటీ స్వపరిపాలక మండళ్లు పెడితే, ఆ సమూహంతో సంబంధం లేనివాళ్లు పోటీ చేసి గెలిచిన సందర్భాలున్నాయి. అక్కడి జనం దానికి "ఎథ్నోబిజినెస్" అని పేరు పెట్టుకున్నారు. తర్వాత ఓటర్ల జాబితాలు పెట్టాల్సి వచ్చింది, అంటే మళ్లీ గడులు!

రక్షణే కంచె అయిపోయే సందర్భాలు కూడా ఉన్నాయి. బోస్నియా రాజ్యాంగం 1995 డేటన్ ఒప్పందంలో భాగంగా వచ్చింది. యుద్ధం ఆగాలంటే అధికారాన్ని బోస్నియాక్‌లు, క్రొయాట్లు, సెర్బుల మధ్య పంచక తప్పలేదు. దేశాధ్యక్ష మండలికి పోటీ చేయాలంటే ఈ మూడింటిలో ఒకటై ఉండాలి. రోమా అయిన డెర్వో సెయ్‌దిచ్, యూదుడైన యాకోబ్ ఫిన్సీ "మరి మేము?" అని అడిగారు. 2009 డిసెంబర్ 22న స్ట్రాస్‌బర్గ్ వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. పదిహేనేళ్లు దాటినా రాజ్యాంగంలో ఆ మూడు గళ్లు అలాగే ఉన్నాయి. గ్రీస్‌లో ఇంకో రకం. థ్రేస్ ముస్లింల వారసత్వ వ్యవహారాలకు తప్పనిసరిగా షరియా వర్తింపజేయడాన్ని 2018 దాకా మైనారిటీ రక్షణ కిందే లెక్కగట్టారు. ఒక భర్త మామూలు పౌర చట్టం ప్రకారం వీలునామా రాసి ఆస్తి మొత్తం భార్యకు వదిలి చనిపోయాడు. మీరు ముస్లింలు కాబట్టి ఆ వీలునామా చెల్లదని కోర్టులు అనేసరికి ఆమెకు నాలుగింట మూడొంతులు పోయింది. 2018 చివర్లో స్ట్రాస్‌బర్గ్ చెప్పింది: మైనారిటీగా చూడమని అడిగే హక్కు ఎంతో, నన్ను అలా చూడకండి అనే హక్కూ అంతే. ఈ రెండో హక్కును మన చర్చల్లో చాలాసార్లు మర్చిపోతాం. సమూహాన్ని కాపాడే ఉత్సాహంలో లోపలి ఆడవాళ్లను, భిన్నంగా ఆలోచించేవాళ్లను సమూహపు పెద్దల చేతిలో పెట్టేస్తాం.

రెండు నాల్కల ధోరణి గురించి క్లుప్తంగా చెప్పి ముందుకెళ్తాను. 1919 తర్వాత మైనారిటీ ఒప్పందాలు పోలండ్, రుమేనియా లాంటి కొత్త దేశాల మీద, కొత్తగా పెరిగిన దేశాల మీద రుద్దారు. గెలిచిన పెద్ద దేశాలకు అవి లేవు. కాబట్టి ఇటలీ దక్షిణ టిరోల్‌లో జర్మన్ బడులు మూసేస్తే అడిగే నాథుడు లేడు, టీచర్లు అటకల మీద, కొట్టాల్లో రహస్యంగా పిల్లలకు అక్షరాలు దిద్దించారు. అందరికీ వర్తించేదాకా మేమూ సహకరించం అని 1934లో పోలండ్ తప్పుకుంది. 1993లో యూరోపియన్ యూనియన్ కూడా కొత్తగా చేరేవాళ్లకు మైనారిటీ రక్షణను షరతు చేసింది. ఫ్రాన్స్, గ్రీస్ అప్పటికే లోపల ఉన్నాయి, వాటిని అడగలేదు. లోపలికి వచ్చాక ఎవరినీ అంత గట్టిగా అడగలేదు. యూనియన్ స్థాయిలో చట్టం తెమ్మని 11 లక్షలకు పైగా పౌరులు సంతకాలు చేస్తే, కొత్త చట్టం అవసరం లేదని యూరోపియన్ కమిషన్ 2021 జనవరిలో చెప్పేసింది.

ఇప్పుడు ఉదాహరణ సంగతి. ఒక్కటే తీసుకోవాలంటే డి.హెచ్. వర్సెస్ చెక్ రిపబ్లిక్ అనే స్ట్రాస్‌బర్గ్ కేసు తీసుకోండి. ఓస్ట్రావా నగరంలో 18 మంది రోమా పిల్లలను 1996, 1999 మధ్య "ప్రత్యేక బడుల్లో" వేశారు. అవి బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం పెట్టినవి. తెలివి పరీక్ష పెట్టారు, తల్లిదండ్రుల చేత సంతకం తీసుకున్నారు, కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి. చట్టంలో రోమా అనే మాటే లేదు. "అందరికీ ఒకే రూల్." మరి వివక్ష ఎలా చూపించాలి? పిల్లల జాతి ప్రకారం ప్రభుత్వ లెక్కలే లేవు. పిల్లల తరఫున పనిచేసినవాళ్లు నగరంలోని ప్రత్యేక బడులకు, మామూలు ప్రాథమిక బడులకు ప్రశ్నాపత్రాలు పంపించి, హెడ్మాస్టర్ల ద్వారా లెక్క కట్టించారు. నగరం మొత్తం ప్రాథమిక విద్యార్థుల్లో రోమాలు 2.26 శాతం. ప్రత్యేక బడుల్లో 56 శాతం. రోమాయేతర పిల్లల్లో ప్రత్యేక బడికి వెళ్లింది 1.8 శాతం, రోమా పిల్లల్లో 50.3 శాతం. ఇవి హెడ్మాస్టర్ల సొంత అభిప్రాయాలు, అధికారిక లెక్కలు కావు అని ప్రభుత్వం వాదించింది. అధికారిక లెక్కలు లేకుండా చేసిందీ తానే.

2006లో చిన్న ధర్మాసనం దగ్గర పిల్లలు ఓడిపోయారు. 2007 నవంబర్ 13న పెద్ద ధర్మాసనం 13-4 తేడాతో వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. వివక్ష చేయాలన్న ఉద్దేశం నిరూపించక్కర్లేదు, నమ్మదగిన అంకెలు చాలు అంది. వివక్షకు గురికాకుండా ఉండే హక్కును తల్లిదండ్రుల సంతకంతో వదులుకోలేరు అని కూడా అంది. ఒక్కొక్కరికి 4,000 యూరోల పరిహారం. అప్పటికి ఆ పిల్లలు 16 నుంచి 22 ఏళ్లవాళ్లు. చదువు తిరిగిచ్చేవాళ్లెవరు? తీర్పు వచ్చేలోపే "ప్రత్యేక బడి" అనే పేరును చట్టం నుంచి తీసేశారు, బడులు వేరే పేరుతో నడిచాయి. 2014లో యూరోపియన్ కమిషన్ ఇదే విషయం మీద చెక్ ప్రభుత్వం మీద చర్య మొదలుపెట్టాల్సి వచ్చింది.

వ్యాసం రాసేటప్పుడు చాలామంది తీర్పు తేదీతో ముగిస్తారు. మీరు అక్కడ మొదలుపెట్టండి. తీర్పు అమలును కౌన్సిల్ ఆఫ్ యూరప్ మంత్రుల కమిటీ పర్యవేక్షిస్తుంది, దాని ముందుకు ప్రభుత్వం ఇచ్చిన నివేదికలు, స్వచ్ఛంద సంస్థలు ఇచ్చిన జవాబులు అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఒక్కో ఏడాది కాగితం తీసుకుని మూడే ప్రశ్నలు వేయండి: ఈ ఏడు బడి పేరేమిటి, లోపల ఎంతమంది రోమా పిల్లలున్నారు, ఆ అంకెను ఎవరు ఎలా లెక్కపెట్టారు? మూడో ప్రశ్నకు జవాబు వెతకడానికి మీకు మొదటి రెంటికంటే ఎక్కువ రోజులు పడుతుంది. ఆ రోజులు దానికే కేటాయించండి. ఎక్కడైనా ఆగిపోతే ఏ ఏడాది కాగితం దగ్గర ఆగారో రాయండి, కలిసి చూద్దాం.